తలంబ్రాల వేళ ఫోకస్ ఎటు పోతుంది?

తలంబ్రాలు పోసుకునే ఆ నాలుగైదు నిమిషాల్లో కెమెరా ఆటోఫోకస్ సంగతి బయటపడిపోతుంది. అప్పటిదాకా అంతా సవ్యంగానే నడుస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టారు, అడ్డుతెర తీశారు, తాళి కట్టారు. ఫోకస్ కళ్ల మీదే కుదురుగా ఉంది. ఇంతలో పెళ్లికొడుకు దోసిలి పైకెత్తుతాడు. బియ్యం, ముత్యాలు, ఈమధ్య రంగురంగుల థర్మోకోల్ గుళ్లు కూడా, పెళ్లికూతురి ముఖానికీ మన లెన్స్‌కీ నడుమ జల్లులా రాలతాయి. కెమెరా ఆ జల్లు వెంట పడుతుంది. ముఖం మీదకి తిరిగొస్తుంది, మళ్లీ పోతుంది. రాత్రి ఇంటికెళ్లి కంప్యూటర్లో చూసుకుంటే గింజలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంటాయి. వాటి వెనక నవ్వుతున్న పెళ్లికూతురు మసగ్గా ఉంటుంది.

హైదరాబాద్‌లో బాలానగర్ నుంచి బోయినపల్లి మీదుగా కొంపల్లి వైపు వెళ్తే దారిపొడవునా ఫంక్షన్ హాళ్లే. వారమంతా హైటెక్ సిటీలో ఉద్యోగం, ముహూర్తాలున్న రోజుల్లో ఈ హాళ్లలో కెమెరా పట్టడం. ఇలా రెండు పనులు చేసుకునేవాళ్ల కోసమే ముఖ్యంగా ఈ అధ్యాయం. ఫోటో మసకబారిన ప్రతిసారీ వాళ్ల నోట వచ్చే మాట ఒకటుంది: "బాడీ మార్చాలన్నా." మార్చండి, తప్పులేదు. కానీ లక్షలు పెట్టే ముందు ఇది చదవండి.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. గత ఏడెనిమిదేళ్లలో వచ్చిన ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలు దూరం కొలవడంలో మనిషి కంటిని ఎప్పుడో దాటిపోయాయి. దేని దూరం కొలవాలి, కొలవడం ఎప్పుడు ఆపాలి అన్నవి మాత్రం ఇంకా మన చేతిలోనే ఉన్నాయి. తలంబ్రాల ఫోటో పోయింది ఈ రెండో దాని వల్ల.

ఫుల్ ఫ్రేమ్‌లో తప్పుకి చోటెంత?

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉంటుంది. పాత ఫిల్మ్ రీలు మీద పడే ఫ్రేమ్ కొలత అదే. సెన్సర్ పెద్దదైన కొద్దీ అదే మనిషిని అంతే పెద్దగా ఫ్రేమ్‌లో నింపడానికి పెద్ద లెన్స్ వాడతాం, లేదా దగ్గరికి జరుగుతాం. రెండు విధాలా ఫోకస్‌లో ఉండే మందం తగ్గిపోతుంది. వెనక లైట్లన్నీ అందంగా కరిగిపోయేదీ, కాస్త అటూఇటూ అయితే కళ్లు మసకబారేదీ ఈ ఒక్క కారణం వల్లే.

లెక్క చూద్దాం. 85 మి.మీ. లెన్స్, ఎఫ్ 1.4 అపర్చర్, మనిషి రెండు మీటర్ల దూరంలో. స్పష్టంగా కనిపించే మందం ముందూ వెనకా కలిపి సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. ముక్కు కొన నుంచి చెవి దాకా అంతకు రెట్టింపు కంటే ఎక్కువే దూరం ఉంటుంది. పెళ్లికూతురి నుదుటి మీద బాసికం కంటి కంటే కాస్త ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి ఫోకస్ బాసికానికి చిక్కితే ఆ నాలుగున్నరలో సగం అక్కడే ఖర్చయిపోతుంది. అదే లెన్స్‌ని ఎఫ్ 2.8కి దించితే మందం సుమారు తొమ్మిది సెంటీమీటర్లు అవుతుంది. వెనకభాగం అప్పటికీ కరుగుతుంది, ముఖం మొత్తం మిగులుతుంది. పెళ్లి మంటపం మీద ఎఫ్ 1.4 వాడటం నా దృష్టిలో ఎక్కువసార్లు లెన్స్ ఖరీదు గుర్తొచ్చి చేసే పని. మంటపం మీద ఇద్దరున్నారు, ఇద్దరి కళ్లూ కావాలి.

లోపల జరిగేది

లెన్స్ ఎడమ అంచు గుండా వచ్చిన వెలుగునీ, కుడి అంచు గుండా వచ్చిన వెలుగునీ కెమెరా విడదీసి రెండు చిన్న బొమ్మలు చేసుకుంటుంది. ఫోకస్ కుదిరి ఉంటే రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. కుదరకపోతే పక్కకు జరుగుతాయి. ఎటు జరిగాయో చూస్తే లెన్స్ ముందుకు కదలాలా వెనక్కా అన్నది తెలుస్తుంది, ఎంత జరిగాయో చూస్తే ఎంత కదలాలో తెలుస్తుంది. దీన్ని ఫేజ్ డిటెక్షన్ అంటారు. ఇంకో పద్ధతి కాంట్రాస్ట్ డిటెక్షన్. అందులో కెమెరాకి దిక్కు తెలియదు. లెన్స్‌ని కదిపి చూస్తుంది, బొమ్మ పదును పెరిగిందా లేదా అని చూసుకుంటుంది, పెరిగినంతసేపు వెళ్లి, తగ్గాక వెనక్కి వస్తుంది. ఆ ముందుకీ వెనక్కీ ఊగడాన్నే మనవాళ్లు "హంటింగ్" అంటారు. కదలని వస్తువు మీద ఈ పద్ధతి బాగా కచ్చితమైనది. కదిలే మనిషి మీద తడబడుతుంది. పానసోనిక్ తన కెమెరాల్లో చాలాకాలం కాంట్రాస్ట్ పద్ధతినే మెరుగుపరుస్తూ వచ్చి, చివరికి 2023లో ఎస్5 రెండో మోడల్‌తో ఫేజ్ డిటెక్షన్‌కి మారింది. వీడియో తీసేవాళ్లకి ఆ మార్పు వెంటనే తెలిసింది.

ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో ఈ పని కెమెరా అడుగున ఉండే వేరే సెన్సర్ చేసేది. పెద్ద అద్దం వెనకున్న చిన్న అద్దం కొంత వెలుగుని కిందికి పంపేది. మోటారూ, ఫోకస్ సెన్సరూ బాడీలోనే పెట్టి జనాన్ని ఒప్పించిన మొదటి ఎస్‌ఎల్‌ఆర్ 1985 నాటి మినోల్టా 7000. అక్కడి నుంచి దాదాపు ముప్పై ఏళ్లు ఇదే ఏర్పాటు. దీనిలో రెండు ఇబ్బందులు ఎప్పుడూ పోలేదు. ఒకటి, ఫోటో పడే సెన్సర్ ఒకచోట, కొలిచే సెన్సర్ ఇంకోచోట. రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంది. రెండు, చిన్న అద్దం పరిమాణం కొద్దీ ఫోకస్ పాయింట్లన్నీ ఫ్రేమ్ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. 2008లో వచ్చిన కానన్ 5డి మార్క్ 2తో మన పెళ్లిళ్లు ఎన్ని జరిగిపోయాయో లెక్కలేదు. దానికి వాడుకునే పాయింట్లు తొమ్మిదే, అందులో అడ్డగీతల్నీ నిలువుగీతల్నీ రెండింటినీ పట్టగలిగేది మధ్యది ఒక్కటే. అందుకే అప్పటి ఫోటోగ్రాఫర్లంతా మధ్య పాయింటుతో కన్ను పట్టుకుని, సగం నొక్కి ఉంచి, ఫ్రేమ్ పక్కకి తిప్పి తీసేవాళ్లు. ఆ అలవాటు చాలామందికి ఇప్పటికీ పోలేదు. పోవాలి. 50 మి.మీ. లెన్స్‌తో మీటరున్నర దూరంలో ఉన్న కన్ను పట్టుకుని కెమెరాని పదిహేను డిగ్రీలు తిప్పారనుకోండి. ఫోకస్ కంటికి అయిదు సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. ఎఫ్ 1.8 దగ్గర ఫోకస్ పడ్డ చోటుకి ముందు స్పష్టంగా ఉండే మందం కూడా దాదాపు అంతే.

అద్దం తీసేశాక ఈ రెండు ఇబ్బందులూ చాలావరకు తీరాయి. ఫోటో తీసే సెన్సర్ మీదే కొలిచే పిక్సెళ్లు కూర్చున్నాయి. కానన్ 2013లో 70డి అనే చిన్న సెన్సర్ కెమెరాలో ప్రతి పిక్సెల్‌నీ రెండుగా చీల్చి, ఆ రెండు సగాలతోనే ఎడమ కుడి బొమ్మలు తయారుచేసింది. తర్వాత దాన్నే ఫుల్ ఫ్రేమ్‌కి తెచ్చింది. సోనీ 2017లో ఏ9 తెచ్చినప్పుడు 693 పాయింట్లు ఫ్రేమ్‌లో 93 శాతం పరుచుకున్నాయి. 2018లో కానన్, నికాన్ కూడా తమ మొదటి ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లు తెచ్చాయి. పాయింట్ల సంఖ్య మీద అక్కడితో ఆసక్తి వదిలేయొచ్చు. 493 అయినా 759 అయినా పెళ్లి ఫోటోలో తేడా పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు.

ఆ తర్వాత మారింది కొలత కాదు, గుర్తుపట్టడం. ఇది విడిగా అర్థం చేసుకోవాల్సిన సంగతి. ఇప్పటి కెమెరాలో ఇద్దరు పనివాళ్లున్నారనుకోండి. ఒకడు దూరం కొలుస్తాడు. ఇంకొకడు ఫ్రేమ్‌లో ఇది ముఖం, ఇది కన్ను, ఇది పక్షి, ఇది బండి అని గుర్తుపట్టి మొదటివాడికి చోటు చూపిస్తాడు. రెండోవాడు వేలకొద్దీ బొమ్మలు చూసి నేర్చుకున్నవాడు. పెళ్లికూతురి కంటి మీద చిన్న డబ్బా గీసి చూపిస్తున్నాడంటే కన్ను ఎక్కడుందో తెలిసిందని మాత్రమే అర్థం. ఆ డబ్బాలో కంటి ముందు ఒక బియ్యపు గింజ పడుతుంటే, పాపిడి బిళ్ల వేలాడుతుంటే, మొదటివాడు దాని దూరం కొలిచి ఇచ్చేస్తాడు. తెర మీద డబ్బా కన్ను మీదే ఉంటుంది, ఫోటోలో గింజ స్పష్టంగా ఉంటుంది. ఆకుపచ్చ డబ్బాని నమ్మి మోసపోయామనుకునేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఇదే.

తప్పు ఎక్కడిదో చూడండి

చెడిపోయిన ఫోటోని వెంటనే తుడిచేయకండి. నూరు శాతం పెద్దది చేసి చూడండి. ఫ్రేమ్‌లో ఇంకేదైనా పదునుగా ఉందా? చీర అంచు, వెనక నిలబడ్డ మేనమామ మీసం, పూల దండ? ఉంటే కెమెరా బాగానే కొలిచింది, తప్పుడుదాన్ని కొలిచింది. ఎంపిక పొరపాటు. ఏదీ పదునుగా లేదు, దీపాలన్నీ ఒకే దిక్కుకి గీతల్లా సాగాయి అంటే మీ చెయ్యి కదిలింది. ఫోకస్‌ని తిట్టి లాభం లేదు, షటర్ వేగం పెంచాలి. మిగతాదంతా బాగుండి చేతులు మాత్రమే సాగిపోయాయంటే మనిషి కదిలాడు, దానికీ మందు షటర్ వేగమే. ఏదీ పదునుగా లేక, గీతలూ లేక, అంతా మెత్తగా ఉంటే అప్పుడు అసలు కొలతే కుదరలేదన్నమాట. చీకటి ఎక్కువై ఉండొచ్చు, లేదా పట్టుకోవడానికి గీతలేమీ లేని సాదా గోడ ఎదురై ఉండొచ్చు.

మొదటి రకం తప్పే ఎక్కువ, దాని దగ్గరే కాసేపు ఆగుదాం. కెమెరాని మొత్తం ఫ్రేమ్‌కి వదిలేస్తే అది మామూలుగా దగ్గరగా ఉన్నదాన్నో, పెద్దగా కనిపించే ముఖాన్నో ఎంచుకుంటుంది. మంటపం మీద దగ్గరగా ఉండే పెద్ద ముఖం చాలాసార్లు పురోహితుడిది. లేదంటే గింబల్ పట్టుకుని అడ్డొచ్చే వీడియో కుర్రాడిది. దీనికి మందు, వెతికే చోటుని చిన్నది చేయడం. చిన్న జోన్ పెట్టి దాన్ని పెళ్లికూతురి ముఖం మీదకి జరిపి, ఆ జోన్ లోపలే కన్ను వెతకమని చెప్పండి. చాలా బాడీల్లో కొన్ని ముఖాల్ని ముందే నమోదు చేసుకుని వాటికి ప్రాధాన్యం ఇవ్వమనే సదుపాయం ఉంది. ముహూర్తానికి ముందు, అలంకారం అంతా అయ్యాక, ఇద్దరి ముఖాలూ అందులో పెట్టుకోండి. మేకప్ లేనప్పుడు తీసి పెట్టుకుంటే అది గుర్తుపట్టకపోయినా ఆశ్చర్యం లేదు, బంధువులే ఒక్కోసారి గుర్తుపట్టరు.

తలంబ్రాలకి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. ఆలోచించండి. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ పీటల మీద కూర్చుని ఉన్నారు. మీరు ఒకచోట నిలబడి ఉన్నారు. దూరం మారడం లేదు. అలాంటప్పుడు సెకనుకి అరవైసార్లు దూరం కొలిచే యంత్రానికి అక్కడ పనేంటి? ఒకసారి కొలిపించి ఆపేయండి. దీనికోసమే ఫోకస్ చేసే పనిని షటర్ బటన్ మీంచి తీసేసి కెమెరా వెనక బొటనవేలి కింద ఉండే బటన్‌కి మార్చుకోవాలి. బ్యాక్ బటన్ ఫోకస్ అనేది ఇదే. బొటనవేలు నొక్కినంతసేపు కెమెరా కొలుస్తుంది, తీశారంటే ఉన్నచోటే ఆగుతుంది. దోసిలి పైకెత్తే ముందు కంటి మీద నొక్కండి, వేలు తీసేయండి, అపర్చర్ ఎఫ్ 4 దగ్గర ఉంచండి, బియ్యం ఎన్ని పోసినా తీసుకుంటూ పోండి. ఆమె ముందుకు వంగి నవ్వితే మళ్లీ ఒకసారి నొక్కండి. అంతే. మొదటి రెండు పెళ్లిళ్లు ఈ పద్ధతి చేతికి ఎక్కదు, విసుగేస్తుంది. ఇంట్లో పిల్లల మీద సాధన చేసి వెళ్లండి.

వేలు తీయడం కుదరని సందర్భాలు వేరే ఉన్నాయి. అప్పగింతలప్పుడు, బరాత్‌లో, బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు మనుషులు ఆగరు. అక్కడ కంటిన్యూయస్ మోడ్ తప్పదు. కానన్ వాళ్లు దాన్నే సర్వో అంటారు. నెమ్మదిగా నడిచే మనిషి కూడా సెకనుకి అర మీటరు కదులుతాడు. పదో వంతు సెకనులో అయిదు సెంటీమీటర్లు. ఒకసారి కొలిచి ఆగిపోయే సింగిల్ మోడ్‌లో మీరు సగం నొక్కి, ఊపిరి బిగబట్టి, పూర్తిగా నొక్కేలోపు పైన లెక్కవేసిన మందం దాటిపోయినట్టే. కంటిన్యూయస్ మోడ్‌లో కెమెరా మనిషి వేగాన్ని అంచనా వేసి, షటర్ తెరుచుకునే క్షణానికి ఎక్కడుంటాడో అక్కడికే లెన్స్‌ని పంపుతుంది. బతుకమ్మ ఆడేటప్పుడు మీరు పెట్టుకున్న ఆవిడకీ మీకూ మధ్య మిగతావాళ్లు క్షణక్షణం అడ్డొస్తుంటారు. మెనూలో ట్రాకింగ్ సెన్సిటివిటీ అని ఉంటుంది. దాన్ని "లాక్డ్ ఆన్" వైపు జరిపితే అడ్డొచ్చినవాళ్ల మీదకి కెమెరా వెంటనే దూకదు, కాసేపు ఆగి చూస్తుంది. హోమం పొగకీ ఇదే మందు.

చీకటి సంగతి ఒక్కటి. ప్రకటనల్లో మైనస్ 6 ఈవీ దాకా ఫోకస్ చేస్తుందని రాస్తారు. దాని కింద చిన్న అక్షరాల్లో ఎఫ్ 1.2 లెన్స్‌తో అని ఉంటుంది. మీ దగ్గరున్నది ఎఫ్ 4 జూమ్ అయితే సెన్సర్‌కి చేరే వెలుగు అంతకంటే మూడున్నర స్టాపులు తక్కువ. చీకట్లో ఫోకస్ బాగుండాలంటే కొత్త బాడీ కంటే ఒక ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్స్ చౌకగా పని చేసిపెడుతుంది. ఇంకో సంగతి: కొన్ని మిర్రర్‌లెస్‌లు మీరు పెట్టిన అపర్చర్ దగ్గరే ఫోకస్ చేస్తాయి. స్టూడియోలో ఫ్లాష్ కోసం ఎఫ్ 8 పెట్టుకుని, గదిలో చిన్న బల్బు మాత్రమే వెలిగించుకుంటే కెమెరా తడబడేది అందుకే. గదిలో వెలుగు పెంచండి.

ఆదివారం బాలానగర్‌లో

సాధనకి బాలానగర్ కంటే మంచి చోటు నాకు తోచడం లేదు. పరిశ్రమల పేట కాబట్టి ఆదివారం చాలా వర్క్‌షాపులు మూసి ఉంటాయి, సందులు ఖాళీగా ఉంటాయి. దించిన షటర్లు ఉంటాయి, అవే మన మొదటి పాఠం. షటర్ అంటే అడ్డంగా పేర్చిన ఇనుప పట్టీలు, అన్నీ అడ్డగీతలే. సెన్సర్ మీది ఫేజ్ డిటెక్షన్ పిక్సెళ్లు చాలా కెమెరాల్లో ఎడమ కుడి బొమ్మల్నే పోలుస్తాయి. అడ్డగీతని ఎడమకి జరిపినా కుడికి జరిపినా అది అలాగే కనిపిస్తుంది కాబట్టి తేడా పట్టుకోలేవు. కొత్తగా రంగు వేసిన నున్నటి షటర్ ఒకటి ఎంచుకుని, చిన్న పాయింటుతో ఫోకస్ చేసి చూడండి. కెమెరా తడబడితే దాన్ని నిలువుగా తిప్పి మళ్లీ నొక్కండి. ఠక్కున పట్టుకుంటుంది. తుప్పు పట్టిన షటర్ అయితే మరకలే ఆధారంగా పట్టేసుకుంటుంది, దాంతో పాఠం రాదు. ఈ తడబాటు తెలిసినవాళ్లు అడ్డగీతల చీర ఎదురైనప్పుడు కెమెరాని కొంచెం వంచుతారు, పని అయిపోతుంది.

రెండో పాఠానికి టేకు బల్ల, ట్రైపాడ్, ఒక స్కేలు చాలు. సీఐటీడీ అనే శిక్షణ సంస్థ 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతున్న పేట ఇది. ఇక్కడి సందుల్లో ఏ టర్నర్‌ని అడిగినా ఒక్క కొలత చూసి జాబ్ పాసయిందని చెప్పడు, మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల చూస్తాడు. లెన్స్‌ని కూడా అలాగే చూడాలి. ఒక మసాలా పొట్లం నిలబెట్టండి, పక్కన స్కేలుని ఏటవాలుగా పెట్టండి. అపర్చర్ పూర్తిగా తెరవండి. ఫోకస్‌ని దగ్గరికి తెచ్చి వదిలి ఒక ఫోటో, దూరానికి పంపి వదిలి ఒక ఫోటో, ఇలా మార్చి మార్చి పది తీయండి. పదీ ఒకేవైపు తప్పితే అది సర్దుకోదగిన తప్పు. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే మెనూలోని మైక్రో అడ్జస్ట్‌మెంట్‌తో పోతుంది. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ చెదిరిపోతే లెన్స్ మోటారులోనో గేర్లలోనో వదులు ఉంది. ఏ మెనూ దాన్ని బాగుచేయదు.

మూడోది కదిలే వాటి మీద. 2021 జులైలో తెరిచిన బాబూ జగ్జీవన్‌రామ్ ఫ్లైఓవర్ కింద, నర్సాపూర్ చౌరస్తా దగ్గర ఫుట్‌పాత్ మీద నిలబడి ఎదురుగా వచ్చే ఆటోల్ని కంటిన్యూయస్ మోడ్‌లో తీయండి. ఫ్లైఓవర్ ఎక్కి ఆగొద్దు, అక్కడ నిలబడే చోటు లేదు. గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి పదో వంతు సెకనులో మీటరున్నర పైనే దూసుకొస్తుంది. బండి దూరంగా ఉన్నప్పుడే ట్రాకింగ్ మొదలుపెట్టాలి. దగ్గరికొచ్చాక నొక్కితే వేగం అంచనా వేసుకునే వ్యవధి కెమెరాకి దొరకదు. ఎండాకాలం మధ్యాహ్నం పెద్ద టెలిఫోటోతో ఈ పని పెట్టుకోకండి. తారు రోడ్డు మీంచి లేచే వేడిగాలి బొమ్మని అలలు అలలుగా చేస్తుంది. కెమెరా కొలిచేది ఆ అలల్నే. ఉదయం ఏడులోపు ముగించండి.

హెచ్చరిక కూడా ఇక్కడే. ఈ పేటలో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ డివిజన్ ఉంది, రక్షణ రంగానికి పనిచేసే సంస్థలు ఇంకా ఉన్నాయి. ఆ గోడల వైపు కెమెరా ఎత్తొద్దు. సరదాకి తీశానంటే అక్కడ ఎవరూ వినరు.

వర్క్‌షాపు తెరిచి ఉన్న రోజు యజమానిని అడిగి లోపలికి వెళ్లగలిగితే మరీ మంచిది. వెల్డింగ్ చేసేవాడి ముఖం మీద కవచం ఉంటుంది. కెమెరాలోని గుర్తుపట్టేవాడికి అక్కడ కళ్లు లేవు, ముక్కు లేదు. వాడు గోడ మీది దేవుడి క్యాలెండర్‌లో ముఖం వెతుక్కుంటాడు. గుర్తుపట్టే పనిని పూర్తిగా ఆపేసి ఒక్క పాయింటుని కవచం అంచు మీద పెట్టాల్సిన సందర్భం ఇది. వెల్డింగ్ వెలుగు వైపు అద్దాల వ్యూఫైండర్‌లోంచి చూడొద్దు, కంటికి దెబ్బ. సెన్సర్‌కీ మంచిది కాదు, అందుకే మంట ఫ్రేమ్‌లో పడని కోణం చూసుకోండి.

అమీన్‌పూర్ చెరువు

బాలానగర్ నుంచి మియాపూర్ దాటి కాస్త దూరం పోతే అమీన్‌పూర్ చెరువు. 2016లో దానికి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. పక్షుల ఫోటోలు మొదలుపెట్టేవాళ్లకి పక్షిని గుర్తుపట్టే కొత్త బాడీ ఉంటే చాలనిపిస్తుంది. ఆకాశంలో ఎగిరే గద్దకి అది నిజంగా చాలు. ఫ్రేమ్ మొత్తం వదిలేయండి, అదే పట్టుకుంటుంది. తుంగ మధ్యలో కూర్చున్న కొంగకి మాత్రం చిన్న పాయింటే గతి. గడ్డి పోచలు పక్షి కంటే దగ్గరగా, పదునైన గీతలతో, కెమెరాకి ఎంతో ఇష్టంగా ఉంటాయి.

ఇంకో ఇబ్బంది టెలిఫోటోలతోనే వస్తుంది. ఫోకస్ ఎక్కడో మూడు మీటర్ల దగ్గర ఉండి పక్షి ఎనభై మీటర్ల దూరంలో ఉంటే, సెన్సర్ మీద పడే బొమ్మ మరీ అలికినట్టు ఉంటుంది. ఎడమ బొమ్మనీ కుడి బొమ్మనీ పోల్చడానికి అందులో గీతంటూ ఉండదు. ఆకాశం వైపు కెమెరా తిప్పగానే లెన్స్ ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగి రావడం, ఈలోగా పక్షి వెళ్లిపోవడం అందువల్లే. పక్షి వచ్చేలోపు అంతే దూరంలో ఉన్న ఒడ్డుచెట్టు మీద ముందుగా ఫోకస్ చేసి ఉంచండి. లెన్స్ పక్కన లిమిటర్ మీట ఉంటే దగ్గరి దూరాల్ని కత్తిరించేయండి.

కొనే ముందు

ఇప్పుడున్న బాడీకి వచ్చిన ఫర్మ్‌వేర్ అప్‌డేట్లన్నీ వేసుకున్నారా? ఇది అడగకుండా ఎవరికీ కొత్తది కొనమని నేను చెప్పను. నికాన్ జెడ్6, జెడ్7 కెమెరాలు 2018లో అమ్మకానికి వచ్చినప్పుడు వాటికి కన్ను పట్టుకోవడం రాదు. 2019లో ఒక ఉచిత అప్‌డేట్‌తో వచ్చింది. అదే ఏడాది సోనీ ఏ9కి వచ్చిన అప్‌డేట్ దాని ట్రాకింగ్ రూపమే మార్చేసింది. పాత అప్‌డేట్‌తోనే తిరుగుతున్న సెకండ్‌హ్యాండ్ బాడీలు చేతులు మారుతూ ఉంటాయి.

కోఠిలో సెకండ్‌హ్యాండ్ చూడటానికి వెళ్లేవాళ్లు మీ కార్డు మీరే తీసుకెళ్లండి. దుకాణంలో పది నిమిషాలు అడిగి తీసుకోండి. అపర్చర్ పూర్తిగా తెరిచి కౌంటర్ మీది రసీదు పుస్తకాన్నీ, రోడ్డవతలి బోర్డునీ మార్చి మార్చి పట్టుకోండి. లెన్స్ గరగరమన్నా, దూరానికి వెళ్లేటప్పుడు బాగుండి దగ్గరికొచ్చేటప్పుడు తడబడినా వదిలేయండి. ఎదురుగా నడిచొచ్చే మనిషిని ఒక వరుసగా తీసి, ఇంటికి తెచ్చుకుని నూరు శాతం చూశాక డబ్బు సంగతి మాట్లాడండి. "రేపు వేరేవాళ్లు తీసుకుంటారు" అని తొందరపెడితే తీసుకోనివ్వండి.

డీఎస్‌ఎల్‌ఆర్ నుంచి మిర్రర్‌లెస్‌కి మారేవాళ్లకి లెన్సుల లెక్క అన్నిటికంటే పెద్దది. కానన్ ఈఎఫ్ లెన్సులు కంపెనీ అడాప్టర్ మీద కొత్త ఆర్ బాడీలకి చక్కగా పనిచేస్తాయి, చాలాసార్లు పాత బాడీ మీదకంటే నిలకడగా. నికాన్‌లో అలా కాదు. దాని పాత లెన్సుల్లో కొన్నిటికి సొంత మోటారు లేదు, బాడీలోని మోటారు ఒక చిన్న మరని తిప్పి వాటిని నడిపేది. జెడ్ కెమెరాలకిచ్చే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ మర లేదు. ఆ లెన్స్ తగిలించుకోవచ్చు, ఫోటో వస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తోనే తిప్పుకోవాలి. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని ఉందా, ఒట్టి ఏఎఫ్ అని ఉందా చూసుకోండి. ఏఎఫ్-ఎస్ ఉంటే లోపల మోటారు ఉన్నట్టు. నికాన్ వాళ్లు సింగిల్ ఫోకస్ మోడ్‌కి కూడా ఇదే పేరు పెట్టి గందరగోళం చేశారు గానీ, మీరు చూడాల్సింది మెనూలో కాదు, లెన్స్ గొట్టం మీద. ఒట్టి ఏఎఫ్ లెన్సులు రెండు మూడు ఉన్నవాళ్లు వాటిని ముందు అమ్మితే ఎంతొస్తుందో కనుక్కుని, ఆ తర్వాతే కొత్త బాడీ ధర అడగాలి.